రిజర్వాయరు తెగినప్పుడు వరద వేసిన మేటను ఎలా చదవాలి?

ప్రశ్న (క్లుప్తంగా): ఎనిమిది నెలల కిందట ఎగువన ఒక మట్టికట్ట రిజర్వాయరు తెగింది. దిగువ లోయలో ఆరు కిలోమీటర్ల మేర ఇసుక, కంకర, బండరాళ్లు మేట వేశాయి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు దీన్నే తీసుకున్నాను. గుంటలు తవ్వి, శాంపిళ్లు జల్లెడ పట్టి, వరద గరిష్ఠంగా ఎంత వచ్చిందో లెక్క కట్టాలని నా ఆలోచన. ఎన్ని గుంటలు తవ్వాలి? ఏ పరీక్షలు చేయించాలి?

సమాధానం:

గుంటల లెక్క తర్వాత చూద్దాం. ముందు మీ ప్లాన్‌లో ఒక మెలిక ఉంది, దాన్ని విప్పాలి. మేటను జల్లెడ పడితే గరిష్ఠ ప్రవాహం తెలుస్తుందని మీరు అనుకుంటున్నారు. అలా తెలియదు. వరద మంచి ఊపు మీద ఉన్నప్పుడు నీరు ముఖ్యంగా కోస్తుంది. ఊపు తగ్గాక మోసుకొచ్చిన బరువును దించడం మొదలుపెడుతుంది. ముందు బండలు, తర్వాత కంకర, ఆ పైన ఇసుక, అన్నిటికీ చివర బురద. అంటే మీ గుంటలో కనిపించేది చాలావరకు వరద తగ్గిన కథ. పొంగిన కథ వేరేచోట రాసి ఉంటుంది. ఈ తేడా పట్టుకోకుండా రెండు వందల శాంపిళ్లు జల్లెడ పట్టిన థీసిస్‌లు నేను చూశాను. గ్రాఫులు బ్రహ్మాండంగా ఉంటాయి, చివరి అధ్యాయం మాత్రం గాల్లో ఉంటుంది.

కాబట్టి కింద తవ్వే ముందు పైకి చూడండి. లోయ పక్కల రాతి మీద బురద గీత, కొమ్మల్లో ఇరుక్కున్న చెత్త, చెట్ల బెరడు చెక్కుకుపోయిన గాయాలు, గోడల మీద మరకలు, ఇవీ గరిష్ఠ మట్టానికి సాక్ష్యాలు. ఎనిమిది నెలలు గడిచాయి కాబట్టి బురద గీతలు చాలావరకు వానకు కడుక్కుపోయి ఉంటాయి. రాతి చూరు కింద, వంతెన అడుగున, వాన తగలని మూలల్లో వెతకండి. బెరడు గాయాలు మాత్రం ఇంకా చెక్కుచెదరకుండా ఉంటాయి. ఇక్కడ ఒక జాగ్రత్త. వేగంగా వచ్చే నీరు అడ్డం తగిలినచోట పైకి ఎగదన్నుతుంది. సెకనుకు 5 మీటర్ల వేగంతో వచ్చిన నీరు చెట్టుకు కొట్టుకుంటే, ఎగువ వైపు దాదాపు 1.3 మీటర్లు పైకి లేస్తుంది. ఆ మరకను నీటిమట్టంగా రాసుకుంటే ప్రవాహం లెక్క ఎక్కడికో పోతుంది. మరక చెట్టుకు ఏ వైపున ఉందో ప్రతిసారీ నోట్ చేయండి. వీలైనంతవరకు పక్క గీతలనే నమ్మండి.

మట్టం దొరికినా పని అయిపోదు. మట్టం, లోయ అడ్డుకోత (క్రాస్ సెక్షన్), వాలు, గరుకుతనం కలిపి ప్రవాహం లెక్క కడతాం. మీరు ఇప్పుడు సర్వే చేసే అడ్డుకోత మాత్రం వరద తర్వాతిది. వాగు అడుగు రెండు మీటర్లు కోసుకుపోయి ఉంటే, ఆ కోత గరిష్ఠానికి ముందు జరిగిందా, తర్వాత జరిగిందా? ముందే అయితే నీరు పారిన వైశాల్యం పెద్దది, తర్వాత అయితే చిన్నది. ఈ ఒక్కదాని వల్ల జవాబు చాలా మారిపోతుంది. అందుకే గట్టి రాతి అడుగు, రాతి పక్కలు ఉన్న చోటు చూసుకుని అక్కడే లెక్క కట్టండి. అలాంటి చోటు లేకపోతే ఒకే అంకె ఇవ్వకండి. కింది హద్దు, పై హద్దు రెండూ ఇవ్వండి. వరదకు ముందు తీసిన ఉపగ్రహ చిత్రాలు, ఎత్తుల మ్యాపులు దొరికితే ఎంత ఖర్చయినా సంపాదించండి. ఎక్కడ కోత పడింది, ఎక్కడ మేట పడింది అన్న మ్యాపు అప్పుడే వస్తుంది. మీ థీసిస్‌లో అన్నిటికంటే విలువైన బొమ్మ అదే అవుతుంది.

ఇక మేట సంగతి. ఈ విషయం మీద చదవదగ్గ ఉదాహరణ అమెరికాలోని కొలరాడోలో ఉంది. 1982 జులై 15న తెల్లవారుజామున రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో లాన్ లేక్ మట్టికట్ట తెగింది. 1903లో కట్టిన చిన్న కట్ట అది, ఎత్తు 8 మీటర్లే. తూము గొట్టం దగ్గర సీసంతో చేసిన అతుకు పాడైపోయి, కట్ట లోపలినుంచి నీరు మట్టిని తోడుకుంటూ పోవడం తెగడానికి కారణం. బయటికి పోయిన నీరు దాదాపు 8.3 లక్షల ఘనపు మీటర్లు, గరిష్ఠ ప్రవాహం సుమారు 18,000 క్యూసెక్కులు. ఆ నీరు రోరింగ్ రివర్ అనే నిటారు వాగు వెంబడి దూకి, చదునైన లోయలోకి రాగానే విసనకర్రలా పరుచుకుంది. అక్కడ పడ్డ మేట 42 ఎకరాలు. గరిష్ఠ మందం 13 మీటర్ల పైనే. మొత్తం సుమారు 2.8 లక్షల ఘనపు మీటర్లు. ఆ మేట ఫాల్ రివర్‌కు అడ్డం పడి, అక్కడ ఒక చెరువే ఏర్పడింది.

ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. తెగిన నీటిలో మూడో వంతు పరిమాణంలో రాయీ ఇసుకా ఒకేచోట పడ్డాయి. ఎనిమిది మీటర్ల కట్టలో అంత సరుకు ఎక్కడిది? అది కట్టలోది కాదు. ఎప్పుడో హిమానీనదాలు ఆ వాగు పక్కల్లో వదిలేసి పోయిన వదులు రాళ్లూ మట్టీ అది. రిజర్వాయరు నీటిలోని ఒండ్రు చాలావరకు అప్పటికే అడుగున దిగిపోయి ఉంటుంది కాబట్టి, బయటికి దూకే నీరు దాదాపు ఖాళీ చేతులతో వస్తుంది. మోసే శక్తి నిండుగా ఉంటుంది, మోయడానికి ఏమీ ఉండదు. దారిలో ఏది వదులుగా దొరికితే అది ఎత్తుకుపోతుంది. మేట ఎంత పడిందన్నది ఎంత నీరు తెగిందన్న దానికంటే, దారిలో ఎంత వదులు సరుకు ఉందన్న దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. మీ లోయలో ఆ సరుకు ఏ వంపులోంచి, ఏ ఒడ్డులోంచి వచ్చిందో ముందు కనిపెట్టండి. గుంటల్లోని రాళ్లకు తల్లి ఎవరో అప్పుడు తెలుస్తుంది.

ఇంకో ఉదాహరణ కూడా అమెరికాదే, మిస్సోరిలోని టామ్ సాక్. కొండ నెత్తిన కట్టిన విద్యుత్ రిజర్వాయరు. 2005 డిసెంబరు 14 తెల్లవారుజామున నీటిమట్టం చూపే సెన్సర్లు బిగింపు ఊడి తప్పు లెక్క చూపించడంతో, పంపులు ఆగకుండా నింపేశాయి. నీరు కట్ట మీదుగా పొర్లింది, కట్ట తెగింది. అరగంట లోపే 100 కోట్ల గ్యాలన్లకు పైగా నీరు కొండ మీంచి కిందికి దిగింది. చెట్లూ మట్టీ మొత్తం గీకేసి అడుగు రాయిని బయటపెట్టింది, కింద పార్కులో బండల గుట్టలు వదిలింది. మీకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఆ కట్టను ఆ కొండ రాయితోనే కట్టారు. రాయి జాతి చూసి ఇది కట్ట రాయి, ఇది కొండ రాయి అని విడదీయడం అక్కడ కుదరదు. అలాంటప్పుడు కట్టలో తప్ప ఇంకెక్కడా ఉండని వస్తువు పట్టుకోవాలి. అక్కడైతే కాంక్రీటు పలకల ముక్కలు, తారు ముక్కలు. మీ మట్టికట్టలో అయితే నడిమి బంకమట్టి, ఎగువ వాలు మీద పరిచిన రాళ్లు, తూము ఇటుకలు, కాంక్రీటు. అవి ఎక్కడెక్కడ దొరికాయో జీపీఎస్‌లో గుర్తు పెట్టుకుంటూ గండి నుంచి దిగువకు నడవండి. రెండు రోజుల నడక, పైసా ఖర్చు లేదు. ఏ ల్యాబు పరీక్ష కంటే ఎక్కువ చెబుతుంది.

బండరాళ్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరూ అక్కడే బోల్తా పడతారు. రాయి సైజు నుంచి నీటి వేగం లెక్క కట్టే సూత్రాలున్నాయి. ఎక్కువమంది వాడేది కోస్టా అనే శాస్త్రవేత్త 1983లో ఇచ్చినది. రాయి సైజును మిల్లీమీటర్లలో తీసుకుని, 0.487 ఘాతానికి ఎత్తి, 0.18తో గుణిస్తే సెకనుకు మీటర్లలో వేగం వస్తుంది. మీటరు సైజు రాయికి 5.2, రెండు మీటర్ల రాయికి 7.3 వస్తాయి. ఈ సూత్రం 5 సెంటీమీటర్ల నుంచి 3.2 మీటర్ల సైజు వరకే. లాన్ లేక్ వరదలో కదిలిన అతిపెద్ద బండ 21 అడుగుల పొడవు, నాలుగు వందల టన్నుల పైనే. దానికి ఈ సూత్రం వర్తించదు. మీ లోయలో అలాంటిది దొరికితే ఫొటో తీసుకోండి, లెక్కలోకి లాగకండి. ఇంకో చిక్కు కూడా ఉంది. నీటికంటే రాయీ మట్టీ ఎక్కువున్న ముద్ద ప్రవాహంలో (దీన్నే డెబ్రిస్ ఫ్లో అంటారు) తక్కువ వేగానికే పెద్ద బండలు తేలినట్టు కదులుతాయి. అక్కడ నీటి సూత్రం పెడితే వేగం మరీ ఎక్కువగా వస్తుంది. ముందు అది నీటి వరదా, ముద్దా అన్నది తేల్చుకోవాలి.

అది తేల్చుకోవడం మరీ కష్టమేం కాదు. నీటి వరద వేసిన మేటలో రాళ్లు ఒకదాని మీద ఒకటి పెంకుల్లా పేర్చినట్టు, ఎగువ వైపు వాలి ఉంటాయి. పొడుగు రాయి సాధారణంగా ప్రవాహానికి అడ్డంగా పడుకుంటుంది. సైజుల వారీగా కొంతైనా వేరుపడి ఉంటుంది. ముద్ద ప్రవాహం వేసినదానిలో పెద్దా చిన్నా కలగాపులగంగా, బండల మధ్య మట్టి దట్టంగా కూరి ఉంటుంది. అంచు దగ్గర మెట్టులా నిటారుగా ఆగిపోతుంది, పెద్ద బండలు ఆ ముందు అంచుకు చేరి ఉంటాయి. ఈ రెండిటికీ నడుమ ఇసుక బాగా చిక్కబడ్డ ప్రవాహం ఒకటి ఉంది. ఘనపరిమాణంలో దాదాపు 20 శాతం దాటి సరుకు ఉంటే నీరు మామూలు నీటిలా ప్రవర్తించదు, 60 దాటితే ముద్ద అయిపోతుంది. ఒకే వరద గండి దగ్గర నీరుగా మొదలై, నిటారు వాగులో ముద్దగా మారి, చదునులో మళ్లీ పలచబడవచ్చు. కాబట్టి మొత్తం లోయకు ఒకే పేరు పెట్టకండి. ఒక్కో గుంటకు ఏది అన్నది విడిగా రాసుకోండి.

నా తప్పు ఒకటి చెప్తాను. మొదట్లో ఒకసారి ఇలాంటి లోయలోనే ఒక బండల దిబ్బ కనిపించింది. అబ్బ, ఏం వరద అనుకుని ఓ పూటంతా కూర్చుని నూరు రాళ్లు కొలిచాను. మర్నాడు మాతో వచ్చిన పెద్దాయన ఒక రాయిని పక్కకి దొర్లించి, దాని అడుగున చెయ్యి పెట్టి చూడమన్నాడు. రాళ్ల నడుమ చిటికెన వేలు లావు వేరు ఒకటి సందుల్లోకి దూరి, రాయి ఆకారానికే ఒదిగి పెరిగి ఉంది. పైన రాతిపాచి కూడా వలయాలుగా, ఎక్కడా చెరగకుండా ఉంది. ఆ దిబ్బ ఎప్పటిదో. మేం చూడొచ్చిన వరద దాన్ని ముట్టుకోనైనా లేదు. కొత్తగా దొర్లిన రాయి మీద పాచి గీసుకుపోయి ఉంటుంది, లేదా పాచి ఉన్న ముఖం అడుగుకో పక్కకో తిరిగి ఉంటుంది. దెబ్బ తగిలిన చోట తెల్లగా అర్ధచంద్రాకారపు గుర్తులుంటాయి. కొలిచే ముందు ప్రతి రాయినీ ఈ రెండు ప్రశ్నలూ అడగండి.

ఇప్పుడు గుంట. ఒక మంచి గుంట ఎలా ఉంటుందో చెప్తే ఏం వెతకాలో మీకే అర్థమవుతుంది. నడుము లోతు గుంట, వాగు ఒడ్డుకు కొంచెం పైన. గోడను తాపీతో నున్నగా గీకి, నీళ్లు చిలకరించి, కాస్త ఆరనిచ్చాం. ఆరేటప్పుడే పొరలు బయటపడతాయి, ఇసుక పొర ముందు తెల్లబడుతుంది, బురద పొర నల్లగా ఉండిపోతుంది. అన్నిటికంటే అడుగున పాత నేల. దాని మీద గడ్డి వేళ్లతో సహా ఉంది, మొత్తం ఒకే దిక్కుకు దువ్వినట్టు పడుకుని ఉంది. వరద ఆ చోట నేలను కోయలేదని, ఏ దిక్కున వచ్చిందో కూడా ఆ గడ్డే చెప్పింది. దాని మీద జానెడు ముతక ఇసుక, అందులో నిమ్మకాయంత బంకమట్టి ఉండలు. వాటికి చుట్టూ గులకరాళ్లు అతుక్కుని, నువ్వులు అద్దిన ఉండల్లా ఉన్నాయి. బంకమట్టి ఉండ నీళ్లలో దూరం దొర్లితే అరిగి కరిగిపోతుంది, కాబట్టి అది దగ్గర్లోంచే వచ్చి ఉండాలి. దాని పైన మూరెడు సన్న ఇసుక, బల్లపరుపు పొరల్లో. ఆ పైన అలల గుర్తులు, కానీ అవి ఎగువ వైపుకు తిరిగి ఉన్నాయి! కంగారు పడక్కర్లేదు. ఒడ్డు పక్కన నీరు సుడి తిరిగి వెనక్కి పారిందన్నమాట. పైన గోరు మందం బురద, ఎండి పెచ్చులు లేచింది.

ఆ బురద మీద మళ్లీ అరంగుళం ఇసుక ఉంది. చాలామంది దీన్ని చూసి 'రెండో పొంగు' అని రాసేస్తారు. పెచ్చుల పగుళ్లలోకి ఇసుక దిగి ఉందా లేదా చూడండి. దిగి ఉంటే, బురద ఎండి పగిలిన తర్వాత వచ్చిన ఇసుక అది. వరద తర్వాత వానకు పక్క వాలు మీంచి జారినదో, గాలికి వచ్చినదో.

ఒకటే పొంగా, చాలా వరదలా అన్న ప్రశ్న మీద భూగర్భ శాస్త్రంలో పెద్ద కథే నడిచింది. అమెరికా వాయవ్యంలో మంచుకట్ట తెగి మిస్సూలా సరస్సు ఖాళీ అయిన వరదల మేటలు అక్కడి పక్కలోయల్లో పొర మీద పొరగా ఉన్నాయి. ఆ నేలను మహావరద చెక్కిందని 1923లో బ్రెట్జ్ అనే భూగర్భ శాస్త్రవేత్త అంటే చాలా ఏళ్లు ఎవరూ నమ్మలేదు. తర్వాత వరద ఒప్పుకున్నారు గానీ, పొరలన్నీ ఒకే వరదలోని పొంగులా, వేర్వేరు వరదలా అన్నది మిగిలింది. ఒక్కో పొరా ఒక్కో వరదే, దాదాపు నలభై వరదలు అని 1980లో వెయిట్ అనే మరో శాస్త్రవేత్త వాదించాడు. ఆయనకు దొరికిన ఆధారాల్లో సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం బూడిద ఒకటి. రెండు పొరల నడుమ అది పలచగా, చెదరకుండా పరుచుకుని ఉంది. అంటే పై పొర పడేలోపు నేల ఆరి, గాలిలోంచి బూడిద రాలేంత కాలం గడిచింది. మీరూ అదే వెతకాలి. రెండు పొరల మధ్య నేల ఆరిన గుర్తు ఉందా? పగుళ్లు, వేళ్లు, పురుగుల బొరియలు, రాలిన ఆకులు. ఏవీ లేకపోతే ఒకే వరద ఊగిసలాడిందనే అనుకోవాలి. గండి మొదట చిన్నగా పడి తర్వాత ఒక్కసారిగా పెద్దదైనా, దారిలో వంతెన దగ్గర చెత్త అడ్డం పడి తెగినా రెండు పొంగులు వస్తాయి.

మీ లోయలో నేను మొట్టమొదట తవ్వే చోటు ఉపనది కలిసే మూల. ప్రధాన వాగు పొంగినప్పుడు నీరు ఉపనదిలోకి ఎదురుతన్ని, అక్కడ నిలిచి, సన్న ఇసుకా బురదా నెమ్మదిగా దించుతుంది. కోత ఉండదు, తర్వాతి వానలకు త్వరగా చెడిపోదు. ఆ మేట పైభాగం నీటిమట్టానికి కనీస హద్దు కూడా ఇస్తుంది. నీరు అంతకంటే పైకే వచ్చి ఉంటుంది, కిందికి మాత్రం కాదు. పాత వరదల మేటలు కూడా అక్కడే అడుగున దాగి ఉండే అవకాశం ఎక్కువ.

పాత మేటల వయసు కట్టాలనుకుంటే ఒక హెచ్చరిక. ఇసుక రేణువు చివరిసారి వెలుతురు ఎప్పుడు చూసిందో చెప్పే ఓఎస్‌ఎల్ పద్ధతి అందరికీ నచ్చుతుంది. కానీ కట్ట తెగిన వరదలో ఇసుక చిక్కటి బురద నీటిలో, గంటల వ్యవధిలో వచ్చి పూడిపోతుంది. ఆ చిక్కటి నీటిలో రేణువులకు ఎండ ఎక్కడిది? పాత వయసు పూర్తిగా చెరగదు, నిన్నటి మేటకు కూడా వందల ఏళ్లు చూపించవచ్చు. మీ దగ్గర తేదీ తెలిసిన మేట ఉంది కాబట్టి దీన్నే వరంగా వాడుకోండి. కొత్త మేటకు ఎంత తప్పు వయసు వస్తుందో కొలిస్తే, అదే లోయలోని పాత మేటల వయసులో ఎంత పొరపాటు ఉండొచ్చో అంచనా వస్తుంది. ప్రాజెక్టులో కొత్తదనం కావాలంటే ఇది మంచి అధ్యాయం అవుతుంది. ఇక ఈ మేట ఈ వరదదేనా అన్న అనుమానానికి ల్యాబు అక్కర్లేదు. పొరలో ఇరుక్కున్న బిస్కెట్ కవరు మీద తయారీ తేదీ ఉంటుంది. ఆ పొర అంతకంటే పాతది కాలేదు. నవ్వకండి, నేను రెండుసార్లు దీనితోనే వాదన గెలిచాను.

ఇప్పుడు మీ గుంటల లెక్క. సమాన దూరాల్లో తవ్వకండి, లోయ మారినచోట తవ్వండి. గండికి దిగువ, ఇరుకు దాటి లోయ విచ్చుకునేచోట, వంపు లోపలి ఒడ్డున, ఉపనది మూలలో, మేట పలచబడే తోకలో. ఒక్కోచోట వాగుకు అడ్డంగా మూడేసి చాలు. కంకర, బండల మేటకు జల్లెడ పనికిరాదు, బస్తాలకొద్దీ మోయాల్సి వస్తుంది. అడుగులో అడుగేస్తూ కాలి బొటనవేలికి తగిలిన రాయిని చూడకుండా ఎత్తి, నడిమి అక్షం (అతి పొడుగూ అతి పొట్టీ కాని మధ్య కొలత) కొలిచే వోల్మన్ పద్ధతిలో నూరు రాళ్లు కొలవండి. జల్లెడ ఇసుకకు మాత్రమే. శాంపిలు పొర వారీగా తీయండి. గోడ మొత్తం గీకి ఒకే సంచిలో వేస్తే వరద కథంతా కలిపి రుబ్బినట్టే. రిజర్వాయరు అడుగు బురద కూడా రెండు శాంపిళ్లు తీసుకోండి. నల్లగా, కుళ్లు వాసనతో, సేంద్రియ పదార్థం ఎక్కువగా ఉండి దిగువ మేటలోని బురదతో పోల్చడానికి పనికొస్తుంది.

వచ్చే వానాకాలం లోపే పని ముగించండి. మొదటి వానలకే వాగు తన మేటను తనే కోసుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు ఒడ్డు తెగి మంచి నిలువుకోతలు ఉచితంగా దొరుకుతాయి, నిజమే, కానీ పై పొరలు పోతాయి. ఒక్కరే తవ్వకండి. కొత్త మేట ఇసుక గోడ నడుము లోతు దాటితే చప్పుడు లేకుండా కూలుతుంది. అంతకంటే లోతు కావాలంటే గోడలు మెట్లుగా తవ్వుకోండి, తీసిన మట్టిని అంచున కుప్ప పోయకుండా దూరంగా వేయించండి.